చర్చి గంటగోపురంలో సెల్ టవర్: దాచమంటాం, మళ్లీ సిగ్నల్ లేదంటాం

ఏ ఫోన్ రివ్యూ తీసుకున్నా చివర్లో ఒక లైన్ ఉంటుంది. "నెట్‌వర్క్ రిసెప్షన్ బాగుంది, కాల్ డ్రాప్స్ రాలేదు." నేను రాసే రివ్యూల్లో కూడా ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆ లైన్‌లో ఫోన్ గొప్పతనం సగమే. మోడెమ్ ఏది, యాంటెన్నాలు ఫ్రేమ్‌లో ఎక్కడ పెట్టారు, ఏ బ్యాండ్లు సపోర్ట్ చేస్తుంది అన్నది ఫోన్ చూసుకుంటుంది. మిగతా సగం మీ ఇంటి దగ్గర్లో టవర్ ఉందా, ఉంటే దాని మీద ఏ బ్యాండ్ల యాంటెన్నాలు పట్టాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికా సబర్బ్‌లలో ఆ రెండో సగాన్ని తేల్చేది క్వాల్‌కామ్ కాదు, యాపిల్ కాదు. సాయంత్రం ఏడు గంటలకి సిటీ హాల్లో మీటింగ్ పెట్టుకునే కొద్దిమంది కౌన్సిల్ సభ్యులు.

వాళ్ల ముందుకి తరచుగా వచ్చే ఫైల్ ఒకటుంది. ఒక చర్చి తన స్థలంలో సెల్ టవర్ కట్టుకోవడానికి క్యారియర్‌కి చోటు లీజుకిస్తుంది. టవర్ టవర్‌లా కనిపించకూడదు కాబట్టి దాన్ని గంటగోపురంలానో, శిలువలానో, పైన్ చెట్టులానో చేసి చూపిస్తారు. చుట్టుపక్కల వాళ్లు వచ్చి వద్దంటారు. కౌన్సిల్ ఓటేస్తుంది. అక్కడితో అయిపోతే ఇంత రాయాల్సిన పని లేదు. ఆ మారువేషం ఎలా ఉండాలి అన్న చర్చలో మన ఫోన్‌కి అందే సిగ్నల్ సంగతి ఎవరూ మాట్లాడరు. నా కంప్లయింట్ అదే.

నేను బీటెక్ ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ని. మూడో ఏడాదిలో కష్టపడి గట్టెక్కిన యాంటెన్నా సబ్జెక్ట్ ఉద్యోగంలో ఒక్కరోజు కూడా పనికిరాలేదు. ఇప్పుడు అట్లాంటాకి ఉత్తరాన, ఆల్ఫరెట్టా వైపు ఉంటున్నా. ఇక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, పచ్చళ్ల దగ్గర్నుంచి పెసరట్టు దాకా అన్నీ దొరుకుతాయి. దొరకనిది మా వంటింట్లో రెండో గీత సిగ్నల్.

ముందు చర్చినే ఎందుకు ఎంచుకుంటారో చూద్దాం. అమెరికా ఊళ్లలో భూమిని జోన్లుగా విడగొడతారు. ఇళ్ల జోన్‌లో ఇళ్లే ఉండాలి, షాపుల జోన్‌లో షాపులు. టవర్లు వీలైనంత వరకు ఇండస్ట్రియల్, కమర్షియల్ జోన్లలోనే పెట్టమని చాలా ఊళ్ల రూల్ బుక్ చెప్తుంది. కానీ ఫోన్లు ఉన్నది ఇళ్లలో. వెయ్యి ఇళ్ల కాలనీల మధ్యలో పెద్ద స్థలం, పార్కింగ్ లాట్, రోడ్డు నుంచి కాస్త లోపలికి బిల్డింగ్ ఉన్న చోటు వెతికితే మిగిలేవి నాలుగే: స్కూలు, పార్కు, ఫైర్ స్టేషన్, చర్చి. స్కూలంటే పేరెంట్స్ ఒప్పుకోరు, పార్కు, ఫైర్ స్టేషన్ అంటే సర్కారు ఆస్తి, నెలల తరబడి పేపర్‌వర్క్. చర్చి కమిటీతో అయితే ఒక టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఇంకో కిటుకు కూడా ఉంది. ఇళ్ల జోన్‌లో బిల్డింగ్ ఇంత ఎత్తు దాటకూడదని పరిమితి ఉంటుంది. చాలా ఊళ్ల రూల్స్‌లో చర్చి శిఖరాలకి, గంటగోపురాలకి ఆ పరిమితి నుంచి మినహాయింపు ఉంది. ఎప్పుడో ప్రార్థనా మందిరాల కోసం పెట్టిన మినహాయింపు అది. టెలికాం వాళ్ల కళ్లు దాని మీద పడకుండా ఎలా ఉంటాయి? యాంటెన్నాలకి ప్రత్యేకంగా పర్మిషన్ ఎలాగూ కావాలి, కానీ ఆ వీధిలో అంత ఎత్తు కట్టడం కొత్తగా అనిపించని చోటు చర్చి ఒక్కటే.

చర్చికి దక్కేది అద్దె. ఊరిని బట్టి నెలకి వెయ్యి డాలర్ల నుంచి కొన్ని వేల దాకా ఉంటుంది. లీజు సాధారణంగా ఐదేళ్లు, ఆ తర్వాత ఐదైదేళ్లు పొడిగించుకుంటూ పాతికేళ్ల దాకా పోతుంది. ఆదివారం వచ్చేవాళ్లు తగ్గి, రూఫ్ రిపేర్‌కి డబ్బుల్లేని చిన్న చర్చికి అది పెద్ద ఊరట. దాన్ని తప్పు పట్టను. కానీ ఆ లీజు కాగితం చర్చికి వచ్చేవాళ్లకి కూడా చూపించకుండా సంతకాలు అయిపోతే, మొదటిసారి ఆ సంగతి సిటీ వాళ్లు పాతిన పసుపు నోటీసు బోర్డు మీద చదివితే, కోపం రాకుండా ఎలా ఉంటుంది? హియరింగ్‌లలో వినిపించే అరుపుల్లో సగం రేడియో తరంగాల మీద కాదు, మాకు చెప్పలేదే అన్న బాధ మీద.

ఇప్పుడు చట్టం. కాస్త ఓపిక పట్టండి, ఇది తెలియకుండా హియరింగ్‌కి వెళ్తే మూడు నిమిషాల మైక్ టైమ్ గాలికి పోతుంది. 1996 ఫిబ్రవరిలో క్లింటన్ సంతకం చేసిన టెలికమ్యూనికేషన్స్ యాక్ట్‌లో సెక్షన్ 704 ఉంది. టవర్ ఎక్కడ పెట్టాలి, ఎలా ఉండాలి అని తేల్చే అధికారం ఊరికే వదిలేస్తూ, చుట్టూ కొన్ని గీతలు గీసింది. ఒక కంపెనీకి ఇచ్చి దానితో సమానమైన ఇంకో కంపెనీకి అన్యాయంగా ఆపకూడదు. మొత్తానికి సర్వీసే లేకుండా చేసేలా అడ్డుకోకూడదు. సాగదీయకుండా తేల్చాలి. కాదంటే రాతపూర్వకంగా చెప్పాలి, దానికి రికార్డులో గట్టి ఆధారం ఉండాలి. చివరిది అన్నిటికన్నా ముఖ్యం: టవర్ ఎఫ్‌సీసీ రేడియేషన్ పరిమితుల్లో ఉంటే, రేడియేషన్ ప్రభావాల పేరుతో ఊరు దాన్ని ఆపకూడదు.

సాగదీయకూడదు అంటే ఎన్ని రోజులు? 2009లో ఎఫ్‌సీసీ గడియారం పెట్టింది. ఉన్న టవర్ మీద ఇంకో కంపెనీ యాంటెన్నా పెట్టుకోవడానికైతే 90 రోజులు, కొత్త టవర్‌కి 150 రోజులు. ఎఫ్‌సీసీకి ఆ హక్కెక్కడిది అని టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ సిటీ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. డాలస్, ఫోర్ట్ వర్త్ మధ్యలో ఉండే ఆర్లింగ్టనే, డాలస్ మనవాళ్లకి బాగా తెలిసిన ఊరు. 2013లో ఓడిపోయింది.

మా పక్క ఊరు రాస్‌వెల్ కథ ఇంకా మంచిది. ఆల్ఫరెట్టాని ఆనుకునే ఉంటుంది. 2010 ఫిబ్రవరిలో టీ-మొబైల్ అక్కడ ఇళ్ల మధ్య 2.8 ఎకరాల ఖాళీ స్థలంలో 108 అడుగుల టవర్‌కి దరఖాస్తు పెట్టింది. చర్చి స్థలం కాదు గానీ మిగతాదంతా ఇదే వ్యవహారం. కొమ్మలతో సహా కృత్రిమ పైన్ చెట్టులా చేస్తామంది. సిటీ సొంత ప్లానింగ్ సిబ్బందే పరిశీలించి, కొన్ని షరతులతో ఇవ్వొచ్చని రాశారు. ఏప్రిల్ 12న హియరింగ్. రెండు గంటలు నడిచింది. కౌన్సిల్ సభ్యులు ఒక్కొక్కరు ఒక్కో మాట అన్నారు: కరెంటు పోతే నడవడానికి జనరేటర్ లేదని ఒకరు, వేరే కంపెనీలకి ఇక్కడ సిగ్నల్ ఉందిగా అని ఒకరు, ఆ చెట్టు చుట్టూ ఉన్న అసలు చెట్లకంటే మరీ ఎత్తని, వీధి అందానికి పొసగదని ఇంకొకరు. అందరూ కలిసి కాదన్నారు.

రెండు రోజుల తర్వాత కంపెనీకి లెటర్ వెళ్లింది. అందులో దరఖాస్తు తిరస్కరించాం అని ఉంది, ఎందుకో లేదు. కారణాలు తెలియాలంటే మీటింగ్ మినిట్స్ చూసుకోవాలి. ఆ మినిట్స్ బయటికి వచ్చింది లెటర్ వెళ్లిన 26 రోజులకి. కోర్టుకి వెళ్లడానికి కంపెనీకి చట్టం ఇచ్చే గడువు 30 రోజులే. అంటే ఎందుకు కాదన్నారో తెలిసేసరికి మిగిలింది నాలుగు రోజులు. 2015 జనవరిలో సుప్రీం కోర్టు జస్టిస్ సోటోమయోర్ రాసిన తీర్పులో 6-3తో తేల్చింది: కారణాలు లెటర్‌లోనే ఉండక్కర్లేదు, కానీ లెటర్‌తో దాదాపు ఒకే సమయంలో చేతికి రావాలి. రాస్‌వెల్ ఆ ఆలస్యం దగ్గర ఓడిపోయింది. చూశారా, ఆ చెట్టు అందంగా ఉందా లేదా అన్నది సుప్రీం కోర్టు తేల్చలేదు. రాసిచ్చారా, టైముకి ఇచ్చారా అన్నదే చూసింది. హియరింగ్‌లో కోపంగా మాట్లాడితే చాలు అనుకునేవాళ్లు ఈ కేసు ఒక్కటి చదవాలి.

అచ్చంగా చర్చి స్థలం కేసు కూడా ఒకటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున అనకోర్టెస్ అనే చిన్న ఊరు. ఇళ్ల మధ్య చర్చి స్థలంలో టవర్ పెడతామని ఇదే టీ-మొబైల్ అడిగింది. ఊరు కాదంది. 2009లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు కంపెనీ వైపు తీర్పిచ్చింది. కోర్టు లెక్క ఇలా ఉంటుంది: ఇక్కడ సిగ్నల్‌లో పెద్ద ఖాళీ ఉందని, దాన్ని నింపడానికి తక్కువ ఇబ్బంది పెట్టే దారి ఇదేనని ముందు కంపెనీ చూపించాలి. ఇంతకంటే మంచి స్థలం ఉందని ఊరంటే, ఆ స్థలం నిజంగా దొరుకుతుందని, అక్కడ టెక్నికల్‌గా పని జరుగుతుందని ఊరే చూపించాలి. "ఇంకెక్కడైనా పెట్టుకోండి" అంటే సరిపోదు. అన్ని రాష్ట్రాల కోర్టులూ ఇదే కొలత వాడవు, కానీ ఏ కోర్టులోనైనా ఆధారం కాగితం మీద ఉన్నవాడిదే పైచేయి.

ఇక రేడియేషన్. మన వాట్సాప్ గ్రూపుల్లో టవర్ మాట రాగానే మొదటి ఫార్వర్డ్ దీని మీదే. ఎఫ్‌సీసీ పరిమితులు 1996 నాటివి. వాటిని అలాగే ఎందుకు ఉంచారో సరిగ్గా వివరించలేదని 2021 ఆగస్టులో వాషింగ్టన్ డీసీ అప్పీల్ కోర్టు ఎఫ్‌సీసీని తప్పుపట్టి, మళ్లీ చెప్పమంది. కాబట్టి ఈ విషయంలో ప్రశ్న అడగడం పిచ్చితనం కాదు. మన దేశంలో 2012 సెప్టెంబర్ నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే పెట్టుకున్నాం. కానీ ఆ ప్రశ్న అడగాల్సిన చోటు ఎఫ్‌సీసీ, సిటీ కౌన్సిల్ కాదు. కౌన్సిల్ దగ్గర అడిగితే లాభం లేకపోగా నష్టం కూడా ఉంది: హియరింగ్ రికార్డు నిండా రేడియేషన్ మాటలే ఉంటే, కౌన్సిల్ కాదన్నది ఆ భయంతోనే అని కంపెనీ లాయర్ కోర్టులో చూపిస్తాడు. టవర్ ఆపాలని వచ్చినవాళ్లే దాన్ని గెలిపించినట్టవుతుంది.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వద్దాం. మారువేషం వల్ల సిగ్నల్‌కి ఏమవుతుంది?

గంటగోపురం లోపల యాంటెన్నా పెడితే దాని ముందు ఇటుక గానీ, కాంక్రీట్ గానీ, లోహపు రేకు గానీ ఉండకూడదు. అందుకే అక్కడ ఫైబర్‌గ్లాస్ పలకలు పెట్టి, ఇటుకలా, చెక్కలా పెయింట్ వేస్తారు. కింద నుంచి చూస్తే తేడా తెలియదు. రేడియో తరంగం దాటి వెళ్లిపోతుంది. అయితే ఎంత సులువుగా దాటుతుందన్నది తరంగం పొడవు మీద ఆధారపడుతుంది. 600 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు అర మీటరు. దానికి ఒక సెంటీమీటరు పలక లెక్కలోకి రాదు. 3.7 గిగాహెర్ట్జ్ సీ-బ్యాండ్ దగ్గర అది 8 సెంటీమీటర్లే. అక్కడ పలక మందం, లోపల వాడిన పదార్థం, యాంటెన్నాకి పలకకి మధ్య ఖాళీ అన్నీ తేడా తెస్తాయి. 28 గిగాహెర్ట్జ్ మిల్లీమీటర్ వేవ్‌కి వచ్చేసరికి తరంగం పొడవు ఒక సెంటీమీటరు చిల్లర. అక్కడ 4జీ రోజుల్లో పెట్టిన పలక గోడతో సమానం అనుకోవచ్చు. పెయింట్‌లో లోహపు పొడి ఉందా అన్నది కూడా చూసుకోవాలి. మెరిసే ఫోన్ కవర్ వేసి సిగ్నల్ తగ్గిందని కంప్లయింట్ చేసిన ఫ్రెండ్ మీకూ ఒకడు ఉండే ఉంటాడు. ఇది దాని పెద్దన్నయ్య.

అసలు సమస్య పలక కంటే చోటు. పదిహేనేళ్ల కింద ఊళ్లకి బాగా నచ్చిన డిజైన్ జెండా కర్ర. సన్నటి గొట్టం, లోపల మూడు సన్నటి యాంటెన్నాలు, పైన జెండా. చూడటానికి చక్కగా ఉంటుంది. 4జీ దాకా ఎలాగోలా నడిచింది. 5జీ మిడ్ బ్యాండ్‌లో వచ్చే మాసివ్ మైమో ప్యానెల్ వేరే జంతువు. 64 ట్రాన్స్‌మిట్, 64 రిసీవ్, రేడియో కూడా ఆ ప్యానెల్‌లోనే ఉంటుంది, చాలా మోడల్స్ 20 కిలోల పైనే, పనిచేసేటప్పుడు వేడెక్కుతాయి కాబట్టి గాలి ఆడాలి. అవి మూడు వైపులా మూడు పెట్టాలి. సన్నటి గొట్టంలో పట్టవు. సన్నటి శిఖరంలో కూడా పట్టవు. అప్పుడు క్యారియర్ ఏం చేస్తుంది? పట్టిన బ్యాండ్లే పెడుతుంది. మీ ఫోన్ పైన 5జీ అని గుర్తు వస్తుంది, స్పీడ్ టెస్ట్ పెడితే 4జీ నంబర్లు వస్తాయి. మీరు ఫోన్‌ని తిడతారు, కామెంట్లలో నన్ను తిడతారు.

తక్కువ బ్యాండ్ ఒక్కటే ఉంటే ఏం పోయింది, దూరం పోతుందిగా అనొచ్చు. దూరం పోతుంది, నిజమే. మిగతావన్నీ సమానమైతే 600 నుంచి 2500 మెగాహెర్ట్జ్‌కి వెళ్తే సిగ్నల్ సుమారు 12 డీబీ తగ్గుతుంది, అంటే అందే పవర్ 17 రెట్లు తక్కువ. అందుకే తక్కువ బ్యాండ్ ఇంట్లోకి కూడా దూరుతుంది. కానీ అక్కడ స్పెక్ట్రమ్ వెడల్పు తక్కువ. కాలనీలో అందరూ సాయంత్రం ఒకేసారి వీడియో పెడితే ఇరుకైపోతుంది. ఇంకో పక్కదారి మాట: ఇండియాలో కొన్న చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 71 ఉండదు, మన దగ్గర అది వాడకంలో లేదు కాబట్టి. ఫ్లైట్ దిగిన అమ్మానాన్నల ఫోన్‌లో సిగ్నల్ లేక, మీ ఫోన్‌లో ఉంటే ముందు ఆ స్పెక్ షీట్ చూడండి.

పైన్ చెట్టు టవర్ల మీద నాకు పెద్దగా ప్రేమ లేదు. 1990ల మొదట్లో మొదలైన ఫ్యాషన్ ఇది. అప్పటిదాకా మ్యూజియంలకి, థీమ్ పార్కులకి నకిలీ రాళ్లూ చెట్లూ చేసిన అరిజోనా కంపెనీ లార్సన్ ఈ పనిలో ముందుంది. అడవిలో పది పైన్ చెట్ల మధ్య పదకొండోది అయితే పర్లేదు. చర్చి పార్కింగ్ లాట్‌లో ఒంటరిగా, చుట్టూ ఉన్న ఓక్ చెట్లకి రెట్టింపు ఎత్తున, టాయిలెట్ క్లీనింగ్ బ్రష్‌లా నిలబడితే ఎవరి కళ్లకి గంతలు కడుతున్నట్టు? అమెరికన్లే దాన్ని ఫ్రాంకెన్‌పైన్ అని వెక్కిరిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ సూదులు రాలతాయి. లేక్ తాహో చుట్టుపక్కల ఆ రాలిన ప్లాస్టిక్ నీళ్లలో కలుస్తుందని స్థానికులు గొడవ చేశారు కూడా.

నా మాట ఇది: చర్చి స్థలంలో టవర్ అడిగితే ఒప్పుకోవాలి, కానీ సన్నగా కట్టమని పట్టుబట్టకూడదు. పది అడుగుల వెడల్పు ఉండి, గంటగోపురంలా కనిపిస్తూ, లోపల ముగ్గురు క్యారియర్లకి చోటు, గాలి, పలకలు మార్చుకునే వీలు ఉన్న కట్టడం, నాలుగు అడుగుల అందమైన గొట్టం కంటే వీధికి ఎక్కువ మేలు చేస్తుంది. ఎందుకంటే ఒకదాంట్లో ఒక్క కంపెనీయే పడితే, మిగతా రెండు కంపెనీలు రెండేళ్లలో ఇంకో రెండు టవర్లకి దరఖాస్తు పెడతాయి. ఒక లావు గోపురమా, మూడు సన్న గొట్టాలా? కౌన్సిల్ మీటింగ్ వీడియోలు యూట్యూబ్‌లో చాలా చూశాను, నాకు ఇంకే హాబీలు లేవనుకోండి. "ఇంకాస్త సన్నగా చేయలేరా?" అని అడిగే సభ్యులు కనిపిస్తారు. "దీంట్లో మిడ్ బ్యాండ్ ప్యానెల్ పడుతుందా?" అని అడిగినవాళ్లు నాకు ఇంతవరకు కనిపించలేదు.

మారువేషం వద్దని కాదు. అసలు దాని విలువ ఊళ్లు అనుకునేదానికంటే ఎక్కువ, కాకపోతే వేరే కారణానికి. 2012లో కాంగ్రెస్ ఇంకో రూల్ తెచ్చింది, సెక్షన్ 6409. ఉన్న టవర్‌కి పెద్దగా మార్పు చేయని పని అడిగితే ఊరు కాదనడానికి వీల్లేదు, ఇచ్చి తీరాలి. పెద్ద మార్పు అంటే ఏంటో 2014లో ఎఫ్‌సీసీ వివరించింది. రోడ్డు పక్క స్థలంలో కాకుండా వేరేచోట ఉన్న టవర్ అయితే 10 శాతం ఎత్తు గానీ, పాత యాంటెన్నాకి 20 అడుగుల దూరం మించకుండా పైన ఇంకో వరస గానీ, రెండిట్లో ఏది ఎక్కువైతే అంతదాకా పెంచుకోవచ్చు. అంటే ఈ రోజు వంద అడుగులకి ఒప్పుకుంటే, రేపు 120 దాటినా కౌన్సిల్ చూస్తూ ఉండాల్సిందే. దీనికి ఒక మినహాయింపు: ఆ మార్పు మారువేషాన్ని పాడుచేస్తే అది పెద్ద మార్పు కింద లెక్క. 2020లో ఎఫ్‌సీసీ దానికి ఒక మెలిక పెట్టింది. ఆ మారువేషం మొదటి పర్మిషన్‌లోనే భాగమై ఉండాలి.

దీని అర్థం ఏంటంటే, "గంటగోపురంలా ఉంటుంది" అని హియరింగ్‌లో కంపెనీ నోటితో చెప్పి, చక్కటి ఫొటో చూపించి, అనుమతి కాగితంలో ఆ మాట రాయకపోతే, ఐదేళ్ల తర్వాత గోపురం నెత్తి మీద ఇనుప కిరీటం మొలిస్తే ఊరు అడ్డుకోవడం కష్టం. టవర్ వద్దనేవాళ్లూ, కావాలనేవాళ్లూ ఇద్దరూ పట్టుబట్టాల్సింది ఆ ఒక్క వాక్యం దగ్గర. ఇది కోడ్‌లో టెస్ట్ కేస్ రాయడం లాంటిది. రాయనిది తర్వాత ఎవరో మార్చేస్తారు.

వైఫై కాలింగ్ ఉందిగా, ఇవన్నీ ఎందుకు అని అడిగేవాళ్లు ఉంటారు. ఇంట్లో ఉన్నంతసేపు సరే. కరెంటు పోయిన రోజు రౌటర్ కూడా పోతుంది. అమెరికాలో పెద్దవాళ్లలో 70 శాతం పైగా ల్యాండ్‌లైన్ లేకుండా సెల్ ఫోన్ మీదే బతుకుతున్నారు. 911కి చేయాల్సివస్తే వాళ్ల చేతిలో ఉన్నది అదొక్కటే. ఫోన్ నేరుగా శాటిలైట్‌కి కనెక్టయ్యే సర్వీసులు వచ్చాయి, మంచిదే, కానీ వాటికి ఆకాశం కనిపించాలి. బేస్‌మెంట్‌లో టోర్నడో సైరన్ వింటూ కూర్చున్నవాడికి ఆకాశం ఎక్కడిది? 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను తర్వాత పశ్చిమ నార్త్ కరోలినాలో జనం రోజుల తరబడి సిగ్నల్ లేక అయినవాళ్లకి బతికున్నామని కూడా చెప్పుకోలేకపోయారు. అందుకే రాస్‌వెల్ కౌన్సిల్‌లో జనరేటర్ గురించి మాట్లాడిన సభ్యుడి మాట నాకు నచ్చింది. బ్యాటరీ ఎన్ని గంటలు, జనరేటర్ ఉందా, దాన్ని ఏ టైమ్‌లో టెస్ట్ చేస్తారు, పక్కింటికి ఎంత శబ్దం వస్తుంది: ఇవన్నీ ఊరు అడగదగ్గ ప్రశ్నలు, చట్టం అడ్డం రాదు.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి. టవర్ నోటీసు పడగానే కాలనీ తెలుగు గ్రూపులో రెండు మెసేజ్‌లు పక్కపక్కనే వస్తాయి. ఒకటి, ఇంటి రేటు పడిపోతుంది, పిటిషన్ మీద సైన్ చేయండి. రెండోది, ఈ ఏరియాలో ఏ క్యారియర్ బెటర్, ఇంట్లో కాల్స్ కట్ అవుతున్నాయి. రెండూ ఒకే మనిషి పంపిన రోజులు కూడా చూశాను, పేరెందుకు లెండి. ఇంటి రేటు భయం నాకు అర్థమవుతుంది. జీవితంలో పెట్టిన అతిపెద్ద ఖర్చు అది, వీసా తలమీద వేలాడుతుంటే ఇంకా ఎక్కువ. కానీ అంకెలు లేని భయాన్ని కోర్టు ఆధారం కింద తీసుకోవడం కష్టం. అంతకంటే, మీ పెరటి నుంచి ఎలా కనిపిస్తుందో చూపించమని అడగండి. చాలా ఊళ్లు బెలూన్ టెస్ట్ చేయిస్తాయి: టవర్ ఎంత ఎత్తు ఉంటుందో అంత ఎత్తుకి బెలూన్ ఎగరేసి చుట్టుపక్కల నుంచి ఫొటోలు తీస్తారు. ఆ రోజు సెలవు పెట్టి మీ డెక్ మీద నిలబడి మీరూ ఒక ఫొటో తీసుకోండి. మూడు నిమిషాల ప్రసంగం కంటే ఆ ఫొటో రికార్డులో బలంగా నిలుస్తుంది.

ఇది చర్చిల సంగతే, మనకెందుకు అనుకోకండి. చాలా ఊళ్ల జోనింగ్ రూల్స్‌లో ఉండే మాట "ప్రార్థనా స్థలం". అందులో గుడి కూడా వస్తుంది. సబర్బ్ అంచున పదెకరాలు కొని, లోన్ తీర్చడానికి అన్నదానం హుండీ లెక్కపెట్టుకునే గుడి కమిటీ దగ్గరికి టవర్ కంపెనీ మనిషి రావడం వింతేమీ కాదు. రాజగోపురానికి, కలశానికి ఆగమ లెక్కలుంటాయి, అందులో యాంటెన్నా పెట్టనివ్వకపోవచ్చు. పార్కింగ్ లాట్ చివర ఒక స్తంభానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండకపోవచ్చు. అప్పుడు చుట్టూ ఉన్న అమెరికన్ పొరుగువాళ్లు మైక్ దగ్గర నిలబడి ఇవే మాటలు అంటారు. ఈ రోజు చర్చి ఫైల్‌లో మనం ఎలా మాట్లాడామన్నది ఆ రోజు గుర్తుంటుంది, మీటింగులన్నీ రికార్డవుతాయి కదా.

హైదరాబాద్‌లో ఈ గొడవే లేదు అంటాడు మా రూమ్మేట్. నిజమే, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకుంటే టెర్రస్ మీద టవర్ లేచిపోతుంది, పక్క బిల్డింగ్ వాళ్లకి బాల్కనీలోకి వచ్చాక తెలుస్తుంది. కనీసం మన దగ్గర తరంగ్ సంచార్ అని కేంద్రం 2017లో పెట్టిన పోర్టల్ ఉంది, మీ చుట్టుపక్కల ఏ టవర్లున్నాయో, రేడియేషన్ రూల్స్ పాటిస్తున్నాయో అందులో చూసుకోవచ్చు. కానీ ముందే పిలిచి, డ్రాయింగ్ చూపించి, మీకేమైనా చెప్పాల్సి ఉందా అని అడిగే పద్ధతికి అది సాటి రాదు. ఇక్కడ ఆ అవకాశం ఉంది. దాన్ని "వద్దు" అనడానికి మాత్రమే వాడుకుంటున్నామన్నదే నా బాధ.

మీ వీధి చర్చి ముందు నోటీసు బోర్డు కనిపిస్తే దాని మీద కేస్ నంబర్ ఉంటుంది. సిటీ వెబ్‌సైట్‌లో ప్లానింగ్ కమిషన్ అజెండా తెరిచి ఆ నంబర్ వెతకండి. వంద పేజీల పైన పీడీఎఫ్ వస్తుంది. మొదట కవరేజ్ మ్యాప్‌ల దగ్గరికి వెళ్లండి, ఏ బ్యాండ్‌కి గీశారో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేకపోతే అదే మీ మొదటి ప్రశ్న. ఇంటి లోపల సిగ్నల్‌కి గీశారా, కార్లో ఉన్నవాడికి గీశారా చూడండి. ఆ తర్వాత టవర్‌ని నిలువునా కోసి చూపించే డ్రాయింగ్. అందులో ఈ కంపెనీ యాంటెన్నాల కింద చుక్కల గీతలతో ఫ్యూచర్ క్యారియర్ అని రాసిన గళ్లు ఎన్ని ఉన్నాయో, వాటి లోపలి వెడల్పు ఎంతో లెక్కపెట్టండి. గళ్లే లేకపోతే హియరింగ్‌కి వెళ్లి, ఇంకాస్త లావుగా కట్టమని అడగండి. ఆ మైక్ దగ్గర ఆ మాట అన్న మొదటి మనిషి మీరే కావచ్చు.